1745 హైలాండ్ శిబిరంలో మొదటిసారి: బట్ట కట్టడం నుంచి పెనం దించేదాకా

స్కాటిష్ పండుగ మైదానంలో ఒకవైపు బ్యాగ్‌పైపుల పోటీ, దుంగలు విసిరే ఆటలు సాగుతుంటే, ఇంకోవైపు తెల్ల కాన్వాసు గుడారాలు, కట్టెల పొగ, ఇనప పెనం మీద ఓట్ రొట్టెలు కనిపిస్తాయి. అదే లివింగ్ హిస్టరీ శిబిరం. ఒక కాలాన్ని ఎంచుకుని, ఆనాటి బట్టలతో, ఆనాటి పనిముట్లతో పని చేస్తూ, వచ్చినవాళ్లకు ఆ బతుకు ఎలా ఉండేదో చూపించేవాళ్లు అక్కడ ఉంటారు. ఇందులో చేరడానికి స్కాటిష్ వంశం అక్కర్లేదు. ఎడిన్‌బరా, గ్లాస్గోల్లో చదువుకుంటున్న తెలుగువాళ్లయినా, నార్త్ కరోలైనాలో చార్లట్, కేరీ చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్లయినా చేరవచ్చు. ఆ రాష్ట్రంలో గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ హైలాండ్ గేమ్స్ 1956 నుంచి నడుస్తున్నాయి.

కొత్తగా చేరేవాళ్లలో చాలామంది ముందు కత్తి కొంటారు, ఆ తర్వాత డాలు, చివరికెప్పుడో చొక్కా. ఆ వరస తలకిందులు చేయండి. ఒంటికి తగిలే బట్టతో మొదలుపెట్టి బయటికి రండి. ఆయుధం ఆఖరికి. చేతిలో చేయడానికి ఒక పని మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి.

ముందు సంవత్సరం తేల్చుకోండి

"పాత స్కాట్లండ్" అనేది ఒక కాలం కాదు. 1314 బానక్‌బర్న్ యుద్ధం చూపించే బృందం వేరు, 1640ల యుద్ధాలు చూపించే బృందం వేరు. ఎక్కువగా కనిపించేది, గద్దె పోయిన స్టువర్ట్ రాజవంశాన్ని మళ్లీ నిలబెట్టడానికి జరిగిన 1745-46 జాకొబైట్ తిరుగుబాటు కాబట్టి ఇక్కడ దాన్నే తీసుకుంటున్నాం. 1745 ఆగస్టు 19న గ్లెన్‌ఫినన్‌లో జెండా ఎత్తారు. సెప్టెంబరు 21న ప్రెస్టన్‌పాన్స్‌లో గెలిచారు. డిసెంబరులో డార్బీ దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. 1746 ఏప్రిల్ 16న కలోడెన్‌లో అంతా ముగిసింది. ఈ నాలుగు తేదీలూ నోటికి రావాలి.

దాంతోపాటు ఇంకో విషయం. ఇది స్కాట్లండ్‌కూ ఇంగ్లండ్‌కూ జరిగిన యుద్ధం కాదు. కలోడెన్‌లో ప్రభుత్వం వైపు స్కాట్ పటాలాలున్నాయి, క్యాంబెల్ వంశపు హైలాండర్లు, అంటే కొండప్రాంతం వాళ్లు ఉన్నారు. జాకొబైట్ల వైపు పల్లపు ప్రాంతమైన లోలాండ్ మనుషులు, ఫ్రాన్స్ కొలువులోని ఐరిష్ సైనికులు కూడా ఉన్నారు. ఏ పక్షమో టోపీ మీద గుర్తు చెప్పేది: జాకొబైట్లది కొకేడ్ అనే తెల్ల రిబ్బను పువ్వు, ప్రభుత్వానిది నల్లది.

అమెరికాలో కొన్ని బృందాలు 1776 చూపిస్తాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 27న నార్త్ కరోలైనాలోని మూర్స్ క్రీక్ వంతెన దగ్గర, రాజు పక్షాన నిలిచిన హైలాండ్ వలసదారులు కత్తులు దూసి వెళ్లి ఓడిపోయారు. అదే మీ బృందమైతే బట్టలు మళ్లీ మారతాయి. ఏదీ కొనకముందే బృందం నాయకుణ్ని నాలుగు మాటలు అడగండి: ఏ సంవత్సరం, ఏ పక్షం, ఏ తరగతి మనుషులు, కొత్తవాళ్లకు అరువిచ్చే బట్టలు ఏవేవి ఉన్నాయి. ప్రమాద బీమా మీకు ఏ రోజు నుంచి వర్తిస్తుందో కూడా అప్పుడే అడిగేయండి.

ఇక టార్టన్ అనే గళ్ల ఉన్ని బట్ట సంగతి. "మీ వంశం టార్టన్ ఏది?" అని దుకాణాల్లో అడుగుతారు. ఈ వంశానికి ఈ గళ్లు అని అచ్చుగుద్దినట్టు పంచిపెట్టడం చాలా తర్వాత వచ్చింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు దానికి పెద్ద ఊపొచ్చింది. కలోడెన్ మీద డేవిడ్ మోరియర్ వేసిన చిత్రం చూడండి: ఒకే మనిషి ఒంటి మీద రెండు మూడు రకాల గళ్లు. తిరుగుబాటు రోజుల్లోనే గీసిన పెనికుక్ రేఖాచిత్రాలు ఇంకా మంచి ఆధారం, కోటు ఎంత పొట్టిగా ఉందో, భుజం మీది ప్లాడ్ బట్ట ఎలా వేలాడుతుందో వాటిలో తెలుస్తుంది. మీరు వెతకాల్సింది వంశం పేరు కాదు, మంజిష్ఠ ఎరుపు, నీలి మందు నీలం, ఆకుల పసుపు లాంటి సహజ రంగుల్లో దొరికే మామూలు గళ్ల ఉన్ని.

చొక్కా

మగవాళ్ల చొక్కా మోకాళ్ల దగ్గరి దాకా వస్తుంది. అదే లోబట్ట, అదే రాత్రి పడుకునే బట్ట. 150 సెం.మీ. పన్నా ఉన్న లినెన్ రెండున్నర మీటర్లు చాలు. గ్రాముల్లో చెప్పాలంటే చదరపు మీటరుకు 150 నుంచి 185 మధ్యలో ఉండాలి. కత్తెర పెట్టకముందే వేడి నీళ్లలో ఉతికి ఆరేయండి. లినెన్ కుదించుకుపోతుంది, ఈ పని తర్వాతికి వదిలేస్తే మొదటి ఉతుకుకే మెడ పట్టేస్తుంది.

కటింగ్ అంతా దీర్ఘచతురస్రాలే. పన్నాను నిలువునా సగం చేస్తే 75 సెం.మీ. వెడల్పు ముక్క వస్తుంది. దాన్ని భుజం దగ్గర మడిస్తే ముందు వెనక ఒకే ముక్కలో వస్తాయి, భుజం మీద కుట్టు ఉండదు. మిగిలిన సగంలో 60 × 55 సెం.మీ. చేతులు రెండు, కాలరు, కఫ్‌లు, చంకలకు 15 సెం.మీ. చదరపు ముక్కలు రెండు తీయండి. చంక ముక్క అనవసరం అనుకుని వదిలేసేవాళ్లున్నారు. చెయ్యి పైకెత్తగానే చొక్కా అక్కడే పర్రున చిరుగుతుంది. లోపలి పొడవు కుట్లు మిషను మీద వేసినా ఫరవాలేదు, కాలరు, కఫ్, మెడ చీలిక లాంటి బయటికి కనిపించేవి మాత్రం చేత్తో కుట్టండి. చూసేవాళ్ల కన్ను పడేది అక్కడే.

"లినెన్ లాంటిది", "ఉన్ని మిశ్రమం" అన్న బట్టలు వద్దు. అనుమానముంటే రెండు దారాలు పీకి, పట్టకారుతో పట్టుకుని అంటించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. లినెన్ కాగితంలా కాలుతుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడితే అదే పూస మీ చర్మం మీద అంటుకుంటుంది. సింథటిక్ వద్దనేది కేవలం చరిత్ర కోసం కాదు.

గ్రేట్ కిల్ట్ కట్టడం

నడుముకు చుట్టి, మిగిలింది భుజం మీదికి వేసుకునే ఒకే పెద్ద బట్ట ఇది. హైలాండ్ వాళ్ల భాష గేలిక్‌లో ఫేలె మోర్ అంటారు. ఆనాటి మగ్గం పన్నా సన్నం కాబట్టి ఎనిమిది తొమ్మిది గజాల బట్టను రెండుగా కోసి పక్కపక్కన కలిపి కుట్టేవారు. ఇప్పుడు 150 సెం.మీ. పన్నా దొరుకుతుంది, 4 గజాలు, అంటే సుమారు 3.65 మీటర్లు తీసుకుంటే ఎక్కడా కొయ్యక్కర్లేదు, కుట్టక్కర్లేదు. గజానికి 10 నుంచి 13 ఔన్సుల బరువు చాలు. ఇప్పటి కిల్టులకు వాడే 16 ఔన్సుల బట్ట జూలై ఎండలో మనిషిని కూలదోస్తుంది. చీరకు కుచ్చిళ్లు ముందుకొస్తాయి, దీనికి అన్నీ వెనక్కి వెళ్తాయి. చీర మడతపెట్టడం తెలిసిన చేతికి మొదటి పూటే పట్టుబడుతుంది.

1. నేల మీద దుప్పటి పరిచి, దాని మీద 4-5 సెం.మీ. వెడల్పు సాదా తోలు బెల్టు అడ్డంగా పెట్టండి.

2. బెల్టు మీదుగా బట్ట పరవండి. కింది అంచు నుంచి బెల్టు దాకా మీ నడుము నుంచి మోకాలి మధ్య వరకు ఉన్న కొలత ఉండాలి, సగటు ఎత్తు మనిషికి సుమారు 60 సెం.మీ.

3. రెండు చివరలా అర మీటరు చొప్పున మడవకుండా వదలండి. మధ్యలో ఉన్నదంతా కుచ్చిళ్లు పెట్టండి. 90 సెం.మీ. నడుముకు కుచ్చిళ్ల వెడల్పు 45 సెం.మీ.కి రావాలి. బయటికి 3-4 సెం.మీ. కనిపించేలా పన్నెండు పదమూడు కుచ్చిళ్లు వస్తాయి.

4. కింది అంచు మోకాలి మధ్యకు వచ్చేలా కుచ్చిళ్ల మీద వెల్లకిలా పడుకోండి. ముందు కుడివైపు వదిలిన భాగం పొట్ట మీదికి, దాని మీదుగా ఎడమవైపుది కుడికి. బెల్టు బిగించండి.

5. లేచి నిలబడితే పైభాగం నడుము చుట్టూ వేలాడుతుంది. వెనక భాగాన్ని పైకి తీసి ఎడమ భుజం దగ్గర పిన్నీసుతో పట్టించండి. కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి. మిగిలిన కొంగులు బెల్టులో దోపితే అవే జేబులు.

ఎక్కడ తేడా వస్తుందంటే: పడుకునేటప్పుడు మీరు తలవైపు నాలుగు వేళ్లు జరిగితే అంచు పిక్కల దాకా దిగిపోతుంది, నిలబడి పైకి లాగినా కుదరదు, విప్పి మళ్లీ కట్టాల్సిందే. పిన్నీసు ఒక్క పొర మీద పెడితే బరువుకు బట్ట చిరుగుతుంది, రెండు పొరలు మడిచి గుచ్చండి. కట్టిన పది నిమిషాలకు ఉన్ని అణిగి బెల్టు వదులవుతుంది, ఒక రంధ్రం బిగించండి. కూర్చునేటప్పుడు రెండు చేతులతో కుచ్చిళ్లను కిందికి సర్దుకుని కూర్చోవడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. గుడారంలో పడుకునే చోటు లేకపోతే నడుము దగ్గర లోపలివైపు నాడా మడతలు కుట్టుకుని, తాడు దూర్చి కట్టుకోవచ్చు.

మీ బృందం 1750ల కాలం చూపిస్తుంటే ఈ బట్ట కట్టకండి. 1746లో చేసిన చట్టం 1747 ఆగస్టు 1 నుంచి హైలాండ్ మగవాళ్లకూ మగపిల్లలకూ ఈ దుస్తులు నిషేధించింది, సైనికులకే మినహాయింపు. దాన్ని ఎత్తేసింది 1782లో.

మిగిలినవి త్వరగా చెప్పుకుందాం. తలకు నీలం ఉన్ని బోనెట్, కాస్త పెద్దదిగా అల్లి వేడి నీళ్లలో ముద్ద చేసి పళ్లెం మీద ఆరబెడితే చదునుగా వస్తుంది. కాళ్లకు గళ్ల బట్టను క్రాస్ కటింగ్ చేసి కుట్టిన మేజోళ్లు, మోకాలి కింద పట్టీ. నిలువుగా కోస్తే అవి సాగక మడమ దగ్గర ఎక్కవు. బకిల్ బూట్ల ధర ఎక్కువ, మొదటి ఏడాదికి అరువు తీసుకోండి. తోలు అడుగు తడి గడ్డి మీద జారుతుంది, పరుగెత్తకండి.

ఆడవాళ్ల బట్టలు

మోకాళ్ల కిందికి వచ్చే షిఫ్ట్ అనే లినెన్ లోచొక్కా, దాని మీద స్టేస్ అనే బిగుతు నడుము కట్టు, రెండు లంగాలు, పైన బెడ్‌గౌన్ అనే పొట్టి రవిక, మెడకు రుమాలు, నడుముకు ఏప్రాన్. బెడ్‌గౌన్‌కు రెండు మీటర్ల ఉన్ని గానీ లినెన్ గానీ సరిపోతుంది, గుండీలుండవు, ఏప్రాన్ నాడాలే దాన్ని పట్టి ఉంచుతాయి. లంగా చుట్టుకొలత రెండున్నర నుంచి మూడు మీటర్లు. పక్కల చీలికలుండాలి, వాటిలోంచి చెయ్యి పెడితే నడుముకు విడిగా కట్టుకున్న జేబు సంచి అందుతుంది. మీ ఫోను ఉండాల్సిన చోటు అదే. స్టేస్ ఒంటి కొలతకు కుట్టించుకోవాలి. ఇంకొకరివి వేసుకుంటే చంకలోనూ తుంటి మీదా ఒత్తుకుని సాయంత్రానికి తోలు లేచిపోతుంది. పెళ్లికానివాళ్లు జుట్టుకు రిబ్బను, పెళ్లయినవాళ్లు తల కప్పే తెల్ల లినెన్ గుడ్డ. వీటన్నిటి మీద తెల్ల నేలకు రంగు చారలున్న పెద్ద శాలువ అరిసేడ్, రొమ్ము దగ్గర బ్రోచ్‌తో.

మన ఇళ్లల్లో కలంకారీ బట్ట ఉంటుంది, ఆనాటి యూరప్‌లో మచిలీపట్నం అద్దకానికి గిరాకీ ఉండేదన్నదీ నిజం. కానీ 1745 బ్రిటన్‌లో దాన్ని బయటికి వేసుకోవడం నేరం. అద్దకం నూలు బట్టలు ధరించకూడదని 1721లో చేసిన చట్టాన్ని 1774లో గానీ ఎత్తేయలేదు. దొంగచాటుగా వాడినవాళ్లున్నారు గానీ, శిబిరంలో వంట చేసే మామూలు హైలాండ్ ఇల్లాలి ఒంటి మీద అది నప్పదు. 1776 చూపించే బృందంలో అయితే సంతోషంగా వాడుకోండి.

మంగళసూత్రం తీయమని మంచి బృందమేదీ అడగదు. షిఫ్ట్ లోపలికి వేసుకుని మెడ రుమాలు దోపుకుంటే చాలు. చేతి గడియారం, గోళ్ల రంగు, రంగు ఫ్రేము కళ్లజోడు మాత్రం ముందే తీసేయండి.

చేతిలో పని

కత్తి పట్టుకుని నిలబడ్డవాడి దగ్గర జనం ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. పని చేస్తున్న మనిషి దగ్గర ఆగుతారు, అడుగుతారు, పిల్లల్ని ముందుకు తోస్తారు. కాబట్టి ఒక పని నేర్చుకునే రండి. తకిలీ మీద ఉన్ని వడకడం తేలిక, నెల రోజుల సాధన చాలు. ఓట్ బానక్ అనే రొట్టె ఇంకా తేలిక.

225 గ్రాముల ఓట్ రవ్వ, అర చెంచా ఉప్పు, కరిగించిన వెన్న ఒక పెద్ద చెంచా, బాగా వేడి నీళ్లు 120 నుంచి 150 మి.లీ. అమెరికాలో దొరికే అణిచిన ఓట్స్ అలాగే వాడితే బంకబంకగా అవుతుంది, మిక్సీలో బొంబాయి రవ్వంత చేసుకుని తెచ్చుకోండి. కలిపి, పొడి రవ్వ చల్లి, అర సెం.మీ. మందంగా ఒత్తి, నాలుగు ముక్కలుగా కోసి, మధ్యరకం సెగ మీద పెనం పెట్టి కాల్చండి. ఐదారు నిమిషాలకు అంచులు పైకి లేస్తాయి. అప్పుడు తిరగేయకుండా పొయ్యి పక్కన ఏటవాలుగా ఆనించి పైభాగం ఆరనివ్వండి. పిండి చల్లారితే ఒత్తేటప్పుడు బీటలు వారుతుంది, అందుకే ఒక వాయికి సరిపడా మాత్రమే కలపండి. సోడా వద్దు, అది తర్వాతి శతాబ్దం సరుకు. టమాటా కూడా వద్దు. శాకాహారులకు ఈ శిబిరంలో ఇబ్బంది లేదు: ఓట్స్, బార్లీ, కేల్ ఆకు, క్రౌడీ జున్ను ఉంటాయి. కాకపోతే బార్లీ పులుసులో మాంసం ఎముకలు వేస్తారు, వంటవాళ్లకు ముందే చెప్పండి. వచ్చినవాళ్లకు తినడానికి ఇవ్వాలంటే చాలా పండుగల్లో విడిగా అనుమతి కావాలి, అడక్కుండా పంచకండి.

అన్నిటికంటే జనాన్ని కట్టిపడేసేది ఉన్ని బట్టను బాదడం, వాకింగ్ అంటారు. మగ్గం దిగిన బట్ట వదులుగా ఉంటుంది, తడిపి బాదితే ముద్దకట్టి గాలీ వానా ఆగుతాయి. రెండు మూడు మీటర్ల వదులు నేత ఉన్ని తీసుకుని చివరలు కలిపి కుట్టి గుండ్రం చేయండి. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టండి. గరుకు బల్లకు అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చోవాలి. ఉంగరాలు తీసేయాలి, లేదంటే దారాలు పట్టుకుంటాయి. దెబ్బ, ముందుకు తోపు, వెనక్కి లాగుడు, ఎడమవైపు మనిషికి అందించడం, ఇదే తాళం. బట్ట ఎప్పుడూ సవ్యంగానే తిరగాలి, అపసవ్యం అశుభమని వాళ్ల నమ్మకం. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు పల్లవి అందుకుంటారు. మీరు ఒక్క గేలిక్ పాట పల్లవి నేర్చుకోండి చాలు. మొదలుపెట్టకముందు పన్నాను మధ్యవేలితో కొలవండి, అరగంటకు మళ్లీ కొలిచి ఎంత కుదించుకుందో చూసేవాళ్లకు చూపించండి. ఎంత బాదినా కుదించుకోవడం లేదంటే అది మిషనులో ఉతకడానికి రసాయనం పట్టించిన ఉన్ని, లేదా నీళ్లు చల్లారిపోయాయి. పాతరోజుల్లో సబ్బునీళ్ల బదులు నిలవ ఉంచిన మూత్రం వాడేవారని చెప్పండి, పిల్లలు ఆ మాట మర్చిపోరు.

గుడారం, నిప్పు

పొయ్యికీ కాన్వాసుకూ మధ్య కనీసం 3 మీటర్లు ఉండాలి. నేల మీద నిప్పు పెట్టనివ్వని మైదానాలే ఎక్కువ, కాళ్లున్న ఇనప తొట్టి సిద్ధంగా ఉంచుకోండి. ఒక బకెట్టు నీళ్లు, ఒక బకెట్టు ఇసుక, గుడారం గుమ్మంలో దుప్పటి కింద మంటలార్పే సిలిండరు. నిప్పు దగ్గర ఎప్పుడూ ఒకరు ఉండాలి, ఆ ఒకరు ఎవరో పేరు పెట్టి చెప్పుకోవాలి.

వాన మొదలైతే తాళ్లు వదులు చేయండి. నూలు, జనపనార తాళ్లు తడిసి బిగుసుకుని మేకులు పీకేస్తాయి. లోపలి నుంచి కాన్వాసును వేలితో తాకకండి, తాకినచోట నీళ్లు కారడం మొదలవుతుంది. ప్లాస్టిక్ డబ్బాలు, ఐసు పెట్టె, కారు తాళాలు అన్నీ దుప్పటి కిందికి. జనం రావడానికి గంట ముందే బండ్లన్నీ మైదానం దాటాలి.

ఆయుధాలు

మొదటి ఏడాది తుపాకీ ముట్టుకోకండి. దానికి విడిగా శిక్షణ ఉంటుంది, బ్రిటన్‌లో లైసెన్సులు కూడా కావాలి. గుండు లేకపోయినా మందు మంట పక్కవాడి ముఖాన్ని కాలుస్తుంది. మందు కూరే ఇనప కడ్డీని గొట్టంలో మర్చిపోయి పేలిస్తే అదే బాణమై దూసుకెళ్తుంది. అందుకే చాలా బృందాలు మైదానంలో కడ్డీ బయటికి తీయనివ్వవు.

కత్తి పట్టాలంటే అంచు మొద్దుగా, మొన గుండ్రంగా ఉండాలి. ప్రతి ఉదయం తనిఖీ ఉంటుంది. అంచు మీద వేలు నడిపితే గరుకు తగలకూడదు, తగిలితే ఆకురాయితో అరగదీయాలి, ఆ ముక్కులే ఎదుటివాడి చెయ్యి కోస్తాయి. దెబ్బ భుజానికీ మోకాలికీ మధ్యే. ముఖం వైపు పొడవడం ఉండదు. "హోల్డ్" అన్న కేక వినపడితే ఎవరు అరిచారన్నది చూడకుండా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. చూసేవాళ్ల మధ్య తిరిగేటప్పుడు కత్తి ఒరకు కట్టేసి ఉండాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు. స్కాట్లండ్‌లో సరైన కారణం లేకుండా బయట కత్తితో తిరగడం నేరం. చుట్టి డిక్కీలో పెట్టి, ఇంటి నుంచి మైదానానికి, మైదానం నుంచి ఇంటికి, మధ్యలో ఎక్కడా ఆగకుండా వెళ్లండి.

మాట్లాడటం

రెండు నిమిషాలకు మించి ఉపన్యాసం వద్దు. ముందు వస్తువు చేతికివ్వండి, ఆ తర్వాత మాట. కిల్టు లోపల ఏముంటుందని రోజంతా అడుగుతారు. మోకాళ్ల దాకా చొక్కా ఉంటుందని చెప్పి, దాని అంచు చూపించండి, అదే నిజమైన జవాబు. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, తెలిసినవాళ్ల దగ్గరికి పంపండి. పొద్దున్నే "మటిన్ వా" అని పలకరించి, "తాపా లేవ్" అని కృతజ్ఞత చెప్పడం వస్తే గేలిక్ మాట్లాడేవాళ్లు సంతోషిస్తారు.

"మీరు ఇండియా నుంచి కదా, ఇక్కడేంటి?" అనే ప్రశ్న మర్యాదగానే వస్తుంది, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. మన ఊళ్ల కైఫియతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1754లో లూయిస్ దీవిలోని స్టార్నవేలో పుట్టాడు. ఆయన కింద ఆ పని నడిపించినవాళ్లు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గ్లాస్గో మనిషి, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఇది చెబితే మాట కలుస్తుంది.

ఎండ, తిరుగు ప్రయాణం

ఉన్ని కట్టిన రోజున దాహం వేసేదాకా ఆగకండి, గంటకు అర లీటరు నీళ్లు, మధ్యమధ్య ఉప్పున్నది ఏదైనా తీసుకోండి. మట్టి ముంతలో పోసుకుంటే ఎవరికీ కంటికి అడ్డురాదు. తల తిరుగుతున్నా, చెమట ఆగిపోయినా, మాట తడబడుతున్నా వెంటనే బెల్టు విప్పి, నీడలో కూర్చోబెట్టి, చొక్కా తడిపి, వైద్య గుడారానికి కబురు పంపాలి. ప్రదర్శన మధ్యలో ఉన్నా సరే.

ఆదివారం సాయంత్రం అందరూ అలసిపోయి ఉంటారు, సామాను పాడయ్యేది అప్పుడే. తడి కాన్వాసు మడిచి తీసుకెళ్లాల్సి వస్తే ఆ రాత్రే ఇంట్లో విప్పి ఆరేయండి, రెండు రోజులు వదిలేస్తే నల్ల బూజు పడుతుంది, అది పోదు. బూడిద పూర్తిగా చల్లారిందని చేత్తో చూసి గానీ పారబోయకండి. కత్తికి పలచగా నూనె రాయండి. పెనాన్ని కడిగి, వేడిచేసి, నూనె పట్టించండి. లినెన్ ఉతకండి, ఉన్నిని ఉతక్కుండా గాలికి ఆరేసి, దులిపి, వేపాకు వేసి మూత గట్టిగా ఉన్న పెట్టెలో పెట్టండి. అరువు తెచ్చుకున్న ప్రతి వస్తువూ, ఊడిన గుండీ కుట్టి మరీ, ఆ వారంలోనే తిరిగి ఇచ్చేయండి.